తెలంగాణలో చరిత్రపూర్వ వ్యవసాయం: తొలి పంటలు, వెనకొచ్చిన మక్క

తెలంగాణలో చరిత్రపూర్వ వ్యవసాయం అంటే రాత పుట్టకముందు ఈ నేల మీద సాగిన పంటల చరిత్ర. శాసనాలూ గ్రంథాలూ లేని కాలమది. బొగ్గయిన గింజలు, నూరుడు రాళ్లు, పశువుల ఎముకలు, బూడిద దిబ్బలే దానికి సాక్ష్యం. మహబూబాబాద్ జిల్లా నర్సింహులపేట మండలంలోనూ, జనగామ, భూపాలపల్లి జిల్లాల్లోనూ నేడు వరి, పత్తి, మిరప, మొక్కజొన్న ప్రధాన పంటలు. వీటిలో ఏదీ దక్కన్ తొలి రైతు విత్తిన పంట కాదు. సుమారు 5,000 ఏళ్ల కింద మొదలైన దక్షిణ భారత వ్యవసాయం అండుకొర్ర, ఒక జాతి అడవి కొర్ర, పెసర, ఉలవలతో నడిచింది. జొన్న, సజ్జ ఆఫ్రికా నుంచి ఆ తర్వాత వచ్చాయి. స్థానికులు మక్క అని పిలిచే మొక్కజొన్న మెక్సికోలో 9,000 ఏళ్ల కింద పుట్టినా, ఈ నేలకు చేరి నాలుగైదు శతాబ్దాలకు మించలేదు.

నేల, వాన

ఓరుగల్లు చుట్టుపక్కల నేలలో ఎక్కువ భాగం గ్రానైటు, నీసు రాళ్లు అరిగి ఏర్పడిన ఎర్ర చల్క. పల్లాల్లో, వాగుల వెంట నల్లరేగడి పట్టీలు ఉంటాయి. చల్క నేల నీటిని ఎక్కువ రోజులు నిలుపుకోదు. నైరుతి రుతుపవనం జూన్‌లో మొదలై సెప్టెంబరు చివరికి తగ్గుతుంది. ఆకేరు, మున్నేరు లాంటి వాగులు వానాకాలంలో పొంగి ఎండాకాలంలో ఇసుక తేలతాయి.

చెరువులు, బావులు లేని కాలంలో ఈ పరిస్థితికి తట్టుకునే పంట రెండు మూడు నెలల్లో కోతకు రావాలి, తక్కువ తేమతో బతకాలి, బలం లేని నేలలోనూ గింజ పట్టాలి. చిరుధాన్యాలకు, ఉలవ, పెసర లాంటి పప్పుధాన్యాలకు ఈ మూడు గుణాలూ ఉన్నాయి. పప్పు జాతి మొక్కల వేళ్ల బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తాయి. అందువల్ల చిరుధాన్యం, పప్పుధాన్యం కలిపి విత్తే అలవాటు ఆహారానికీ నేలకూ రెండింటికీ పనికొచ్చింది.

ఆధారాలు దొరికే తీరు

గింజ మామూలుగా మట్టిలో పడితే మొలకెత్తుతుంది, లేదా కుళ్లిపోతుంది. వేయించేటప్పుడో వండేటప్పుడో పొయ్యిలో పడి, పూర్తిగా కాలి బూడిద కాకుండా బొగ్గుగా మారిన గింజే వేల ఏళ్లు నిలుస్తుంది. బొగ్గును పురుగు తినదు, బూజు పట్టదు.

ఇలాంటి గింజలను ఏరడానికి నీటిలో తేల్చే పద్ధతి వాడతారు. తవ్వకంలో ఒక్కో పొర నుంచి, ఒక్కో పొయ్యి నుంచి, ఒక్కో గాదె గుంత నుంచి మట్టిని లీటర్ల లెక్కన కొలిచి విడివిడిగా తీస్తారు. ఆ మట్టిని నీళ్లలో వేసి కలిపితే మన్ను అడుగుకు దిగి, తేలికైన బొగ్గు తుంపులు పైకి తేలతాయి. వాటిని మిల్లీమీటరులో సగం కన్నా చిన్న కన్నాలున్న జల్లెడలో వడకట్టి, నీడలో ఆరబెట్టి సూక్ష్మదర్శిని కింద పరిశీలిస్తారు. కాలని గింజలను లెక్కలోకి తీసుకోరు. చీమలు, ఎలుకలు, మొక్కల వేళ్లు నేటి గింజలను పాత పొరల్లోకి దించడం మామూలే.

చిరుధాన్యాలను గుర్తుపట్టడం కష్టమైన పని. కొర్ర, అండుకొర్ర, సామ, ఊద గింజలు కాలి ఉబ్బితే కంటికి ఒకేలా కనిపిస్తాయి. మొలక భాగం గింజ పొడవులో ఎంత మేర సాగిందో, పొట్టు మీది గరుకు గీతలు ఎలా ఉన్నాయో చూసి తేల్చాలి. కర్ణాటకలోని హళ్లూరు తవ్వకంలో దొరికిన గింజలను 1971లో రాగిగా గుర్తించి ప్రకటించారు. తర్వాతి పరిశోధకులు ఆ గుర్తింపును ప్రశ్నించారు. దక్షిణ భారతంలో రాగి అంత తొలికాలంలోనే ఉందన్న వాదన దాంతో బలహీనపడింది.

గింజ దొరకని చోట వేరే ఆధారాలున్నాయి. గడ్డిజాతి మొక్కల ఆకుల్లో, పొట్టులో పేరుకునే సిలికా రేణువులను ఫైటోలిత్‌లు అంటారు. మొక్క కుళ్లినా ఇవి మట్టిలో మిగులుతాయి. నూరుడు రాళ్ల పగుళ్లలో ఇరుక్కున్న పిండి రేణువులు అక్కడ ఏం నూరారో చెబుతాయి. కుండ పెంకుల్లో, గోడ మట్టిలో పొట్టు అచ్చులు పడి ఉంటాయి. వయసు తేల్చడానికి కార్బన్ 14 పరీక్ష చేస్తారు. యాక్సిలరేటర్ మాస్ స్పెక్ట్రోమెట్రీ వచ్చాక ఒక్క గింజనే నేరుగా పరీక్షించే వీలు కలిగింది.

పరిశోధన చరిత్ర

కాల్చిన పేడ పేరుకుని ఏర్పడిన బళ్లారి ప్రాంతపు బూడిద దిబ్బల మీద ఆసక్తి 19వ శతాబ్ది తొలి సగంలో కెప్టెన్ న్యూబోల్డ్‌తో మొదలైంది. ఆ శతాబ్ది రెండో సగంలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ దక్షిణాదిన రాతి పనిముట్లున్న చోట్లను విస్తృతంగా నమోదు చేశాడు. నిజాం ప్రభుత్వం 1914లో పురావస్తు శాఖను ఏర్పాటు చేసి గులాం యజ్దానీని సంచాలకునిగా నియమించింది. అప్పటి హైదరాబాద్ రాజ్యంలోని రాయచూరు జిల్లాలో రెండు ముఖ్యమైన తవ్వకాలు జరిగాయి. పిక్లిహాళ్‌ను 1952లో ఎఫ్. ఆర్. ఆల్చిన్, మస్కీని 1954లో బి. కె. థాపర్ తవ్వారు. పిక్లిహాళ్ నివేదికను 1960లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే ప్రచురించింది.

నాగార్జునసాగర్ ముంపు కారణంగా 1954 నుంచి 1960 వరకు నాగార్జునకొండలోనూ, శ్రీశైలం ముంపు కారణంగా 1970ల చివర వీరాపురంలోనూ పెద్ద ఎత్తున తవ్వకాలు జరిగాయి. వీరాపురం ధాన్యాలను పుణె దక్కన్ కళాశాలకు చెందిన ఎం. డి. కజాలే పరిశీలించాడు. ఉత్తర తెలంగాణలో వి. వి. కృష్ణశాస్త్రి నేతృత్వంలో ధూళికట్ట, కోటిలింగాల తవ్వకాలు సాగాయి. కరీంనగర్ వైపు తొగర్రాయి, బుడిగపల్లి, జనగామ వైపు దేవరుప్పుల నవీన శిలాయుగపు చోట్లుగా నమోదయ్యాయి.

పంటల అధ్యయనంలో మలుపు 1990ల చివర వచ్చింది. లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన డోరియన్ ఫుల్లర్, ధార్వాడకు చెందిన రవి కోరిశెట్టర్, తెలుగు పురావస్తు శాస్త్రవేత్త పి. సి. వెంకటసుబ్బయ్య కలిసి కర్ణాటక, ఆంధ్రప్రదేశ్‌లలోని నవీన శిలాయుగపు ఊళ్ల నుంచి మట్టి తీసి నీటిలో తేల్చారు. కడప జిల్లాలోని హనుమంతరావుపేట, పెద్దముడియం, కర్నూలు వైపు ఇంజేడు, సింగనపల్లె, రూపనగుడి, అనంతపురం వైపు వేల్పుమడుగు, బళ్లారి దగ్గరి సంగనకల్లు వీటిలో ఉన్నాయి. వీరి ఫలితాలు 2001, 2004 సంవత్సరాల్లో వ్యాసాలుగా వచ్చాయి. దక్షిణాది తొలి పంటల గురించి నేడు చెప్పుకునే వాటిలో ఎక్కువ భాగానికి ఆ వ్యాసాలే పునాది.

బూడిద దిబ్బల కాలం

దక్షిణ భారత నవీన శిలాయుగం సుమారు క్రీ.పూ. 3000 నుంచి క్రీ.పూ. 1200 వరకు సాగింది. దీని ప్రత్యేక గుర్తు బూడిద దిబ్బ. పాత మహబూబ్‌నగర్ జిల్లా మక్తల్ ప్రాంతంలోని ఉట్నూరు దిబ్బను 1957లో ఆల్చిన్ తవ్వాడు. ఇది ఆదిలాబాద్ జిల్లాలోని ఉట్నూరు కాదు. బూడిద పొరల మధ్య పశువుల గిట్టల అచ్చులు, దడి కోసం పాతిన గుంజల గుంతలు బయటపడ్డాయి. ఏళ్ల తరబడి పేరుకున్న పేడను మళ్లీ మళ్లీ తగలబెట్టడం వల్ల దిబ్బ పెరిగిందని తేలింది. బూడిద పేడదేనని ఎఫ్. ఇ. జాయినర్ ప్రయోగశాలలో నిరూపించాడు. కార్బన్ పరీక్షల ప్రకారం ఉట్నూరు తొలి దశ క్రీ.పూ. మూడో సహస్రాబ్ది ఆరంభానికి చెందుతుంది.

పొలానికి ఎరువుగా వాడదగిన పేడను కావాలని కాల్చడం వింతగా తోస్తుంది. పశువుల పండుగలకు, రుతువుల మార్పుకు సంబంధించిన ఆచారంగా ఆల్చిన్ దీన్ని భావించాడు. పశువుల మందలే ఆ సమాజపు ప్రధాన సంపద అన్నది మాత్రం స్పష్టం. మొదట్లో పశుపాలన వాటా ఎక్కువ. క్రీ.పూ. 2000 వచ్చేసరికి గుట్టల మీద, గుట్టల అంచున స్థిరమైన ఊళ్లు పెరిగాయి. గుండ్రని గుడిసెలు, నున్నగా నూరిన రాతి గొడ్డళ్లు, చేత్తో చేసిన బూడిద రంగు కుండలు, బండల మీద గింజలు నూరి నూరి ఏర్పడిన గుంతలు ఆ ఊళ్లలో కనిపిస్తాయి. సంగనకల్లు దగ్గరి హిరేగుడ్డ మీద డోలరైటు రాతితో గొడ్డళ్లు చేసిన పెద్ద కార్ఖానా ఉండేది.

తొలి పంటలు

వెలికివచ్చిన గింజల్లో నాలుగు రకాలు దాదాపు అన్ని చోట్లా పదే పదే కనిపించాయి.

అండుకొర్ర: చల్క నేలల్లో త్వరగా కోతకు వచ్చే చిరుధాన్యం. దక్షిణ భారతంలోనే సాగులోకి వచ్చింది. ఇప్పుడు అనంతపురం జిల్లాలోనూ దాని పొరుగు కర్ణాటక తాలూకాల్లోనూ కొద్ది విస్తీర్ణంలో మిగిలింది.

అడవి కొర్ర: నేటి కొర్రకు దగ్గరి జాతి. కంకికి ఉండే నూగుముళ్లు బట్టలకు అంటుకుంటాయి. అప్పట్లో ఆహారంగా విత్తిన లేదా ఏరుకున్న ఈ గింజ నేడు చేలల్లో కలుపు మొక్క.

పెసర: దీని అడవి జాతి పశ్చిమ కనుమల అంచు అడవుల్లో, మధ్య భారతంలో ఇప్పటికీ పెరుగుతుంది. నవీన శిలాయుగంలో గింజలు చిన్నవిగానే ఉన్నాయి. పరిమాణం పెరిగింది ఆ తర్వాతి శతాబ్దాల్లో.

ఉలవ: పొడి నేలల అడవి తీగ నుంచి భారతదేశంలోనే సాగులోకి వచ్చిన పప్పుధాన్యం. మనిషికీ పశువుకూ పనికొస్తుంది.

వీటితో పాటు రేగు గింజలు, దోస జాతి గింజలు, కాలిన దుంప ముక్కలు దొరికాయి. పంట పండించినా అడవిలో ఏరుకోవడం ఆగలేదు. ఈ నాలుగు పంటలూ వానాకాలపువే. తొలకరికి విత్తి, వానలు తగ్గాక కోసుకునేవారు.

మొక్క సాగులోకి వచ్చిందని చెప్పడానికి ఉలవ ఒక చక్కటి నిదర్శనం ఇచ్చింది. అడవి ఉలవ గింజకు దళసరి తోలు ఉంటుంది. వాన పడగానే అన్ని గింజలూ మొలకెత్తవు. కొన్ని నేలలోనే ఒకటి రెండేళ్లు నిద్రపోతాయి. అడవిలో అది మొక్కకు రక్ష. రైతుకు మాత్రం విత్తిన రోజునే అన్నీ మొలవాలి. ముందు మొలిచిన మొక్కల గింజలనే ఏటా విత్తనంగా దాచుకుంటే, తరాలు గడిచేకొద్దీ పలుచని తోలున్న రకం మిగులుతుంది. షార్లీన్ మర్ఫీ, డోరియన్ ఫుల్లర్ 2017లో తవ్వకాల్లో దొరికిన ఉలవలను బ్రిటన్‌లోని డైమండ్ సింక్రోట్రాన్‌లో శక్తిమంతమైన ఎక్స్ కిరణాలతో పరిశీలించారు. గింజను కోయకుండా, పగలగొట్టకుండా తోలు మందాన్ని కొలిచారు. పాత గింజల నుంచి కొత్త గింజల దాకా తోలు పలుచబడుతూ వచ్చిన క్రమం అందులో బయటపడింది.

బయటి నుంచి వచ్చిన పంటలు

క్రీ.పూ. 2000 తర్వాత దక్షిణాది ఊళ్లలో కొత్త గింజలు కనిపించడం మొదలైంది. అవి మూడు దిక్కుల నుంచి వచ్చాయి.

వాయవ్యం నుంచి గోధుమ, యవలు వచ్చాయి. ఇవి చలికాలపు పంటలు. వానలు పోయాక నేలలో తేమ కావాలి, లేదా నీళ్లు పెట్టాలి. అందుకే ఇవి కొన్ని చోట్లకే పరిమితమయ్యాయి.

ఆఫ్రికా నుంచి జొన్న, సజ్జ, రాగి, అలసంద వచ్చాయి. తెలంగాణలో రాగిని తైదలు అనీ, అలసందను బబ్బెర్లు అనీ అంటారు. జొన్న సాగు తొలి ఆనవాళ్లు తూర్పు సూడాన్‌లో క్రీ.పూ. నాలుగో సహస్రాబ్ది నాటి కుండ పెంకుల్లోని పొట్టు అచ్చులుగా దొరికాయి. సజ్జ పశ్చిమ ఆఫ్రికాలోని మాలి ప్రాంతంలో, రాగి తూర్పు ఆఫ్రికా ఎత్తైన నేలల్లో సాగులోకి వచ్చాయి. అరేబియా సముద్ర తీరాల మధ్య నడిచిన రాకపోకలే ఇవి భారతదేశం చేరడానికి కారణం. వానకు విత్తి వానకే కోసే దక్కన్ పద్ధతిలో ఇవి సులువుగా ఇమిడాయి. అండుకొర్ర లాంటి వాటి కంటే జొన్న, సజ్జల గింజ పెద్దది, దిగుబడి ఎక్కువ, జొన్నకైతే పశువులకు చొప్ప కూడా వస్తుంది. కాలక్రమంలో అండుకొర్ర స్థానాన్ని జొన్న ఆక్రమించింది. శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువుల్లో పల్నాటి జొన్నకూడు ప్రస్తావన రావడానికి వెనక ఇంత చరిత్ర ఉంది.

తూర్పు, ఉత్తర దిక్కుల నుంచి కంది, వరి వచ్చాయి. కంది అడవి జాతి బస్తర్, ఒడిశా అడవుల్లో ఉంది. ఒడిశాలోని గోపాల్‌పూర్ తవ్వకంలో పాత కంది గింజలు దొరికాయి. గోదావరి అవతలి బస్తర్ అడవులు భూపాలపల్లికి దగ్గర. అందువల్ల తెలంగాణకు కంది దాదాపు ఇంటి పంట. వరి గంగా మైదానంలో స్థిరపడిన చాలా కాలానికి, ఇనుప యుగంలో దక్షిణాదికి వ్యాపించింది. పత్తి, అవిసె గింజలు హళ్లూరులో క్రీ.పూ. తొలి సహస్రాబ్ది ఆరంభపు పొరల్లో దొరికాయి.

ఇనుము, చెరువు

క్రీ.పూ. తొలి సహస్రాబ్దిలో తెలంగాణ అంతటా పెద్ద రాళ్ల సమాధులు వెలిశాయి. జనం వాటిని రాకాసి గుళ్లు, పాండవుల గుళ్లు అంటారు. ములుగు జిల్లా తాడ్వాయి మండలంలోని దామరవాయి అడవిలో ఇలాంటి సమాధులు గుంపుగా ఉన్నాయి. భూపాలపల్లి జిల్లా రేగొండ దగ్గరి పాండవుల గుట్టల్లో రాతి చిత్రాలున్నాయి. సమాధుల్లో దొరికే ఇనుప కత్తులు, గొడ్డళ్లు, కొడవళ్లు ఆ కాలపు పనిముట్ల స్థాయిని చెబుతాయి.

మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారం గుట్టల్లో ఇనుప ఖనిజం ఉంది. ఓరుగల్లు, కరీంనగర్ ప్రాంతాల్లో ఇనుము కరిగించిన చోట్ల చిట్టెం కుప్పలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఇనుప గొడ్డలి అడవి నరకడానికి, ఇనుప కర్రు గట్టి నేల దున్నడానికి వీలు కల్పించింది. శాతవాహన కాలపు పెద్దబంకూరులో ఇటుక కట్టడాలు, బావులు, ఇనుప పనిముట్లు విరివిగా బయటపడ్డాయి. చిరుధాన్యపు చల్క పక్కన వరి మడి నిలదొక్కుకున్న కాలమది.

ఆ తర్వాతి మలుపు చెరువుతో వచ్చింది. 13వ శతాబ్దిలో కాకతీయుల పాలనలో రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు తయారయ్యాయి. గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారంలో చెరువు తవ్వించి శాసనం వేయించింది. వాన మీద ఆధారపడిన పంటల నేలలో వరి ప్రధాన పంటగా ఎదగడానికి ఈ చెరువులే కారణం. ఇక్కడి నుంచి పంటల చరిత్రకు గింజతో పాటు శాసనం కూడా సాక్ష్యం పలుకుతుంది.

మొక్కజొన్న పుట్టుక

మొక్కజొన్నకు అడవి పూర్వీకుడు తియోసింతె అనే గడ్డి. నైరుతి మెక్సికోలోని బల్సాస్ నది లోయలో ఇది ఇప్పటికీ పెరుగుతుంది. తియోసింతె కంకి వేలెడంత ఉంటుంది. అందులో ఐదు నుంచి పన్నెండు గింజలే పడతాయి. ఒక్కో గింజకు రాయి లాంటి గట్టి గుల్ల ఉంటుంది. పండగానే కంకి విడిపోయి గింజలు రాలతాయి. మక్క కంకిలో వందల గింజలు బెండుకు అంటుకుని, పొత్తిలో చుట్టుకుని ఉంటాయి. మనిషి ఒలిచి విత్తకపోతే అది మళ్లీ మొలకెత్తి పంట కాలేదు. ఈ రెండు మొక్కలకూ ఇంత తేడా ఉండటం వల్ల వీటి బంధుత్వం మీద 20వ శతాబ్దిలో చాలా కాలం వాదం నడిచింది. జార్జ్ బీడిల్, తర్వాత జాన్ డోబ్లీ చేసిన జన్యు పరిశోధన ఆ వాదాన్ని తేల్చింది. మొక్క పిలకలు వేయకుండా ఒంటి కాండంగా పెరగడానికి ఒక జన్యువు, గింజ మీది గట్టి గుల్ల పోవడానికి మరొక జన్యువు ప్రధానంగా పనిచేశాయి. 2002లో వెలువడిన జన్యు అధ్యయనం ప్రకారం మొక్కజొన్న సుమారు 9,000 ఏళ్ల కింద ఒకే చోట సాగులోకి వచ్చింది.

పురావస్తు ఆధారాలు దీనికి అనుగుణంగానే ఉన్నాయి. బల్సాస్ లోయలోని షివతోష్ట్లా రాతి గుహలో డొలోరెస్ పిపెర్నో, ఆంథొనీ రానెర్ బృందం నూరుడు రాళ్ల మీద మొక్కజొన్న పిండి రేణువులు, పొరల్లో ఫైటోలిత్‌లు గుర్తించింది. వాటి వయసు 8,700 ఏళ్లు. ఓహాకా రాష్ట్రంలోని గిలా నాకిట్జ్ గుహలో దొరికిన బెండ్లు 6,250 ఏళ్ల నాటివి. తెహువాకాన్ లోయలో 1960లలో రిచర్డ్ మెక్‌నీష్ తవ్విన బెండ్లను పక్కనున్న బొగ్గు ఆధారంగా 7,000 ఏళ్లవని భావించారు. 1989లో ఆ బెండ్లనే నేరుగా పరీక్షిస్తే 5,500 ఏళ్ల వయసే తేలింది. పెరూ తీరంలోని పరెదోనెస్, వాకా ప్రియెటా దిబ్బల్లో 6,700 ఏళ్ల కిందటి బెండ్లు దొరికాయి. వాటిలో పేలాల రకం కూడా ఉంది.

మొక్కజొన్న పుట్టిన వెంటనే ముఖ్యాహారం కాలేదు. బెలీజ్‌లోని పాత అస్థిపంజరాల్లో కార్బన్ ఐసోటోపులను కొలిచిన 2020 నాటి అధ్యయనం ప్రకారం 4,700 నుంచి 4,000 ఏళ్ల కింద మాత్రమే అది అక్కడి జనానికి ప్రధాన తిండిగా మారింది. వరి, గోధుమ, చెట్ల కాయలు తిన్న వారి ఎముకలకూ మొక్కజొన్న తిన్న వారి ఎముకలకూ ఐసోటోపుల పాళ్లు వేరుగా ఉంటాయి. ఈ పరీక్ష దక్కన్‌లో అదే విధంగా పనికిరాదు. జొన్న, సజ్జ, కొర్ర, అండుకొర్ర కూడా మొక్కజొన్న లాగే కార్బన్‌ను గ్రహిస్తాయి కాబట్టి ఎముకలో వాటన్నిటి గుర్తూ ఒకటే.

అమెరికా ఖండాల్లో రైతులు ఎంపిక చేస్తూ పోవడం వల్ల మొక్కజొన్నలో ఎన్నో జాతులు వచ్చాయి. ఒక్క మెక్సికోలోనే 50కి పైగా స్థానిక జాతులను శాస్త్రవేత్తలు నమోదు చేశారు. పేలాల రకం, గట్టి గింజ రకం, పిండి రకం, గింజ తలమీద నొక్కు పడే రకం, తీపి రకం ప్రధానమైనవి.

భారతదేశానికి రాక

16వ శతాబ్దిలో పోర్చుగీసు ఓడల ద్వారా మొక్కజొన్న భారతదేశానికి వచ్చిందన్నది ఎక్కువ మంది పరిశోధకులు అంగీకరించిన అభిప్రాయం. మిరప, పల్లి, టమాట, పొగాకు కూడా అదే సముద్ర మార్గపు పంటలు.

దీనికి ఎదురుగా వచ్చిన వాదాల్లో సోమనాథపుర వాదం ప్రసిద్ధమైనది. కర్ణాటకలోని సోమనాథపుర కేశవాలయం 13వ శతాబ్ది హొయసల కట్టడం. అక్కడి దేవతా శిల్పాలు కొన్ని చేత్తో పట్టుకున్న వస్తువు మక్క కంకి అని కార్ల్ జొహనెసెన్, ఆన్ పార్కర్ 1989లో వాదించారు. కొలంబస్‌కు ముందే ఈ పంట సముద్రాలు దాటిందని వారి అభిప్రాయం. భారతీయ మొక్కజొన్న శాస్త్రవేత్తలు ఎం. ఎం. పాయక్, జె. కె. ఎస్. సచన్ 1993లో దీన్ని ఖండించారు. శిల్పి చెక్కింది ముత్యాలు పొదిగిన ఊహా ఫలమని వారి వివరణ. ఈ వాదాన్ని తేల్చాల్సింది శిల్పం పోలిక కాదు, తవ్వకంలో దొరికే బెండు లేదా గింజ. 16వ శతాబ్దికి ముందరి పొర నుంచి, నేరుగా వయసు తేల్చిన మక్క బెండు దక్షిణ భారతంలో ఏదీ అంగీకారం పొందలేదు. అండుకొర్ర, ఉలవ గింజలు బొగ్గయి వేల ఏళ్లు నిలిచిన నేలలో, వాటికంటే ఎన్నో రెట్లు పెద్దదైన మక్క బెండు కనిపించకపోవడం బలమైన ఆధారమే.

తెలంగాణలో మక్క, దాని రకాలు

జొన్న సాగుకు అలవాటుపడిన రైతుకు మక్క కొత్త పనేమీ పెట్టలేదు. అదే నాగలి, అదే వాన. తెలంగాణ పల్లెల్లో గింజను కచ్చాపచ్చాగా విసిరి మక్క గటుక వండుకునేవారు. లేత కంకి కాల్చుకుని తినడం, పేలాలు వేయించుకోవడం ఇప్పటికీ ఉన్నవే.

1957లో అఖిల భారత సమన్వయ మొక్కజొన్న అభివృద్ధి పథకం మొదలైంది. 1961లో గంగా 1, గంగా 101, రంజిత్, దక్కన్ అనే సంకర రకాలు విడుదలయ్యాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని మొక్కజొన్న పరిశోధనా కేంద్రం డి.హెచ్.ఎం. వరుసలో పలు సంకరాలు రూపొందించింది. డి.హెచ్.ఎం. 117 వాటిలో పేరుపొందింది. సంకరంలో మొదటి తరానికే పూర్తి బలం ఉంటుంది. పండిన గింజను మళ్లీ విత్తితే దిగుబడి పడిపోతుంది. అందువల్ల రైతు ఏటా విత్తనం కొనాలి. ఇంటి విత్తనం దాచుకుని, మంచి కంకి ఎంచుకునే పాత పద్ధతికి ఈ పంటలో చోటు తగ్గింది. కోళ్ల దాణా గిరాకీ మక్కను తిండి పంట నుంచి వ్యాపార పంటగా మార్చింది.

కాలక్రమం

9,000 ఏళ్ల కింద: మెక్సికోలో మొక్కజొన్న సాగు ఆరంభం.

క్రీ.పూ. 3000 ప్రాంతం: దక్కన్‌లో బూడిద దిబ్బల పశుపాలకులు.

క్రీ.పూ. మూడో సహస్రాబ్ది: అండుకొర్ర, అడవి కొర్ర, పెసర, ఉలవ.

క్రీ.పూ. 2000 తర్వాత: గోధుమ, యవలు, ఆ పైన ఆఫ్రికా పంటలు.

క్రీ.పూ. తొలి సహస్రాబ్ది: ఇనుము, పత్తి, దక్షిణాదిన వరి వ్యాప్తి.

క్రీ.శ. 13వ శతాబ్ది: కాకతీయుల చెరువులు.

16వ శతాబ్ది: మొక్కజొన్న, మిరప రాక.

1961: తొలి సంకర మొక్కజొన్న రకాలు.

నేటి స్థితి

పాత రకాల విత్తనాలను భద్రపరిచే సంస్థలు హైదరాబాద్ చుట్టూనే ఉన్నాయి. 1972లో పటాన్‌చెరులో స్థాపించిన ఇక్రిశాట్ జన్యు నిధిలో జొన్న, సజ్జ, కంది, శనగ, పల్లి, చిరుధాన్యాలకు చెందిన లక్షకు పైగా నమూనాలున్నాయి. రాజేంద్రనగర్‌లో భారతీయ చిరుధాన్యాల పరిశోధనా సంస్థ, జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ ప్రాంతీయ కేంద్రం పనిచేస్తున్నాయి. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక ఈ పంటలకు కొంత ఆదరణ పెరిగింది.

పురావస్తు ఆధారాల పరిస్థితి ఇంత భద్రంగా లేదు. నీటిలో తేల్చి చేసిన పరిశోధన ఎక్కువగా రాయలసీమ, బళ్లారి ప్రాంతాల్లో జరిగింది. ఆకేరు, మున్నేరు పరీవాహకంలోని పాత ఊళ్ల దిబ్బలకు ఆ పద్ధతి విస్తరించాల్సి ఉంది. జనం పాటిగడ్డలని పిలిచే ఈ దిబ్బల మట్టి సారవంతమైనది. అందుకే రైతులు దాన్ని బండ్లలోనూ, ఇప్పుడు ట్రాక్టర్లలోనూ పొలాలకు తోలుకుంటారు. బొగ్గయిన గింజ ఉండేది సరిగ్గా ఆ మట్టిలోనే. ఒక్కసారి చెదిరిన పొరను తిరిగి పేర్చలేం. పాటిగడ్డలో బూడిద పొరలు, కుండ పెంకులు, నూరిన రాతి గొడ్డళ్లు కనిపిస్తే తవ్వకం ఆపి, రాష్ట్ర వారసత్వ శాఖకు లేదా తహసీల్దారు కార్యాలయానికి తెలియజేయాలి.